నేను గేటు జట్టుకు మారిన ఏడు

పోయిన వారం మా ఇంట్లో ఒక చొక్కా మీద పెద్ద రచ్చ జరిగింది. మా మనవరాలు నాలుగేళ్లుగా ఏదో విదేశీ ఫుట్‌బాల్ క్లబ్బు ఎర్ర చొక్కా వేసుకుని తిరిగేది. ఉతకడానికి ఇమ్మన్నా విప్పేది కాదు. ఉన్నట్టుండి దాన్ని మడిచి బీరువా అడుగున పెట్టి, ఇంకో క్లబ్బు తెల్ల చొక్కా తెప్పించుకుంది. మా అల్లుడు చూసి, "జట్టు మార్చేటోళ్లను నమ్మగూడదప్పా" అని ఎగతాళి చేశాడు. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"అవ్వా, జట్టు మారడం తప్పా?"

"కాదు" అన్నాను. ఆలోచించకుండానే అన్నాను. ఈ విషయంలో నాకున్న అనుభవం మా ఇంట్లో ఇంకెవరికీ లేదు. ఆ సాయంత్రం దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. దానికి చెప్పనివి కూడా కొన్ని కలిపాను.

మా ఊరికి ఒక కొసన శెనక్కాయల మిల్లు, ఇంకో కొసన రైలు గేటు. రెండింటికీ నడుమ గడ్డిపోచ లేని ఎర్రమట్టి మైదానం. మిల్లు సావుకారి నడిపేది మిల్లు జట్టు. సావుకారి అన్నదమ్ముల కొడుకులు, భూములున్న ఇళ్ల పిల్లలు దాంట్లో ఆడేవారు. అందరికీ బూట్లు ఉండేవి. గేటు అవతలి కాలనీలో కూలికి పోయేవాళ్లు, రైలు పట్టాల గ్యాంగులో పనిచేసేవాళ్లు కలిస్తే గేటు జట్టు. వాళ్లలో ఇద్దరికే బూట్లు. మిగిలినవాళ్లు మోకాళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉత్తకాళ్లతో ఆడేవారు. మైదానానికి పడమటి వైపు మిల్లు వాళ్లు కూర్చుంటారు. తూర్పు వైపు గేటు వాళ్లు. సాయంత్రం ఆటల్లో మిల్లు వాళ్లకు ఎండ వీపు మీద పడేది, గేటు వాళ్లకు కళ్లలో పడేది. అది ఎవరు నిర్ణయించారో తెలియదు గానీ, ఎప్పటినుంచో అంతే.

మా నాయన దర్జీ. బజారులో ఒంటి తలుపు అంగడి. కొత్త గుడ్డ గంజి వాసన, ఇస్త్రీపెట్టెలో బొగ్గుల వాసన, మిషనుకు వేసే నూనె వాసన ఆయన ఇంటికి వచ్చినా వదిలేవి కావు. ప్రతి ఏడూ మిల్లు జట్టు పసుపు చొక్కాలు ఆయనే కుట్టేవాడు. అది ఆయనకు పనిలా ఉండేది కాదు. కుట్టడం అయ్యాక ఒక్కొక్క చొక్కా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, దాంట్లో ఎవరుంటారో వాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. "ఈ తూరి కుడికాలితో కొట్టు నాయనా, ఎడమకాలు నీకు సరిగా రాదు" అనేవాడు తొమ్మిదో నంబరు చొక్కాతో.

ఇంటికి ఎవరొచ్చినా మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, ఒకటే కథ చెప్పేది. "వీని పెండ్లికి అయ్యవారు ముహూర్తం చెప్తే, ఆ పొద్దు ఆటుండాదేమో కనుక్కోని వస్తానని లేచిపోయినాడు. ఆడపిల్లోళ్లు చూస్తా కూచున్న్యారు." ఆ మాటకు అమ్మ వంటింట్లోంచి నవ్వేది. ఆట రోజు మా ఇంట్లో ఉగ్గాని తప్ప ఇంకోటి వండకూడదు. బొరుగులు తడిపి పిండి, తాలింపులో వేసి, పప్పులపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టేది అమ్మ. ఒకసారి బొరుగులు దొరక్క సంగటి చేస్తే జట్టు మూడు గోల్స్‌తో ఓడిపోయిందట. అప్పటినుంచి ఆట రోజు సంగటి మాట ఎత్తితే నాయన చెవులు మూసుకునేవాడు.

నాకు అన్నదమ్ములు లేరు. ఐదేళ్లప్పటినుంచి నాయన సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని ఆటకు పోయేదాన్ని. పడమటి వైపు, సున్నం గీతకు జానెడు దూరంలో, నాయన మోకాళ్ల ముందర గొంతుక్కూర్చునేదాన్ని. తొమ్మిదో నంబరు అతను నా ముందునుంచి పరిగెత్తితే ఆ బూట్లు ఎగజిమ్మిన మట్టి నా గౌను మీద పడేది. ఇంటికి పోయాక అమ్మ తిట్టుకుంటూ ఉతికేది. నాకైతే అది ఉతకకుండా దాచుకోవాలనిపించేది.

నాకు పదకొండేళ్లు వచ్చిన ఏడు వానలు ఎగబెట్టాయి. శెనక్కాయ మొలిచింది గానీ ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టలేదు. మిల్లు వారంలో సగం రోజులు మూసే ఉండేది. చేలల్లో పని లేక ఊరు ఊరంతా ఆటకు వచ్చేది. అంత జనాన్ని ఆ మైదానంలో నేను మళ్లీ చూడలేదు. మామూలుగా ఆటకు ముందు రెండు పీపాల నీళ్లు చల్లేవాళ్లు. ఆ ఏడు తాగడానికే లేవు. బంతి కంటే ముందు దుమ్ము వచ్చేది.

టోర్నమెంటు మొదటి ఆట రోజు కళ్యాణదుర్గం నుంచి ఎవరో పెద్దమనుషులు వచ్చారని పడమటి వైపు ముందు వరుసలో కుర్చీలు వేశారు. మేము ఎప్పటిలాగే వాటి పక్కన గీత దగ్గర కూర్చున్నాం. మిల్లు గుమాస్తా వచ్చి నన్ను చూసి మొహం చిట్లించాడు.

"ఏమప్పా, ఆడపిల్లను తెచ్చి ముందర కూచోబెట్టినావు? పెద్దోళ్లు వచ్చిండారు. పాపను ఎనక్కి పంపియ్యి."

నేను కదల్లేదు. నాయన ఏదో ఒకటి అంటాడని నాకు గట్టి నమ్మకం. 'నా కూతురప్పా, ఆరేండ్లాయ ఈడనే కూచుంటాంది' అంటాడని. నాయన తల వంచుకుని నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎనక్కి పో పాపా."

పోయాను. వెనక నాలుగు వరుసల మగవాళ్లు నిలబడి ఉన్నారు. నాకు కనిపించింది తువ్వాళ్లు, చెమట పట్టిన చొక్కాలు, బీడీ పొగ. మునికాళ్ల మీద లేచినా ఏమీ కనిపించలేదు. ఇంతలో జనమంతా ఒక్కసారి అరిచారు. తువ్వాళ్లు పైకెగిరాయి. తొమ్మిదో నంబరు అతను సగం మైదానం దాటుకుని వచ్చి కొట్టాడట. అంతటి గోలు ఆ జట్టు ఎప్పుడూ కొట్టలేదని తర్వాత ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. నేను అక్కడే ఉన్నాను, నేను చూడలేదు. ఇంటికి వచ్చేటప్పుడు సైకిలు మీద నాయన ఆ గోలు గురించి చెబుతూనే ఉన్నాడు. నేను ఊ కొట్టలేదు. ఆయన గమనించలేదు.

తర్వాతి ఆటకు నాయనతో పాటే వెళ్లాను. సైకిలు దిగి, పడమటి వైపు పోకుండా, గోలుపోస్టు వెనకనుంచి చుట్టుతిరిగి తూర్పు వైపుకు నడిచాను. ఎవరితోనూ చెప్పలేదు. ఎక్కడా ఆగలేదు. అక్కడ గీత పక్కనే ఉడకబెట్టిన శెనక్కాయల గంప ముందర పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. కాలనీలో అందరూ ఆమెను పెద్దమ్మ అనేవాళ్లు. గేటు జట్టు గోలీ ఆమె కొడుకే. అతను గ్యాంగులో పనిచేసేవాడు.

"దర్జీ కూతురివి గదా? యాడికి పోతాండావు?" అంది.

"ఈడ కూచుంటా. ఆడ నన్ను ఎనక్కి పొమ్మంటాండారు."

ఆమె గంపను పక్కకు జరిపింది. "కూచో మ్మే. ఈడ ముందూ ఎనకా ఏమీ లేదు, ఎండ ఒకటే ఉండాది."

నిజమే, ఎండ నేరుగా కళ్లలో పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాల్సి వచ్చింది. కానీ మైదానం మొత్తం కనిపించింది.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ రోజు నేను చోటు మారానే గానీ జట్టు మారలేదు. మిల్లు జట్టు గోలు కొట్టగానే అలవాటు కొద్దీ లేచి చప్పట్లు కొట్టాను. చుట్టూ ఉన్న గేటు వాళ్లంతా తిరిగి నన్ను చూశారు. నేను సిగ్గుతో మళ్లీ కూలబడ్డాను. పెద్దమ్మ ఒక్కతే పకపకా నవ్వింది. "కూచునేది ఈడ, చప్పట్లు ఆడికా? సరేలే, కొట్టుకో. నీ చేతులు నీయి" అని దోసెడు శెనక్కాయలు ఒళ్లో పోసింది.

నాలుగు వారాలు అట్లా గడిచాయి. ఎదురుగా దూరంగా పడమటి వైపు నాయన కనిపిస్తుండేవాడు, నేనూ ఆయనకు కనిపిస్తుండేదాన్ని. ఇంటికి మాత్రం ఒకే సైకిలు మీద, మాట్లాడుకోకుండా వచ్చేవాళ్లం. పెద్దమ్మ రెఫరీని తిట్టే తిట్లు నేను నేర్చుకున్నాను, కొన్ని ఇంట్లో వాడి అమ్మ చేత మొట్టికాయలు తిన్నాను. గోలీ హాఫ్‌టైములో వచ్చి వాళ్లమ్మ చెంబులో నీళ్లు పుక్కిలించి, "ఏమి పాపా, మీవోళ్లు ఎట్ల కొడ్తాండారు, కొంచెం చెప్పు" అని నన్ను అడిగేవాడు. నేను పెద్ద తెలిసినదానిలా, తొమ్మిదో నంబరుకు ఎడమకాలు రాదని చెప్పేశాను. అంగడిలో నాయన చొక్కాతో చెప్పిన రహస్యం అది.

ఒక రోజు రెండు జట్లూ లీగు ఆటలో ఎదురుపడ్డాయి. ఒకటికి ఒకటి. కాసేపట్లో ఆట అయిపోతుందనగా తొమ్మిదో నంబరు అతను గోలీకి ఎదురుగా ఒంటరిగా దొరికాడు. గోలీ అతని కుడికాలి వైపు అడ్డం పడుకున్నాడు. అతను ఎడమకాలితో కొట్టాల్సి వచ్చి, బంతిని గోలు కర్రల మీదుగా ఆకాశంలోకి తన్నాడు. నాకు తెలియకుండానే కేక వేసి ఎగిరాను. నేలమీదికి దిగాకే నేనేం చేశానో తెలిసింది. ఐదేళ్లప్పటినుంచి నేను దేవుడిలా చూసిన మనిషి తప్పినందుకు సంతోషపడ్డాను. అది ఎవరి మీదో కోపంతో వచ్చిన సంతోషం కాదు. నిజమైన సంతోషం. భయం వేసింది. ఎదురుగా చూశాను. అంత దూరంలో నాయన నిలబడి నావైపే చూస్తున్నాడు. ఆయనకు అర్థమైంది.

ఆ మర్నాటినుంచి బజారులో నాయనను అడగనివాళ్లు లేరు. "ఏమప్పా, నీ కూతురు గేటోళ్లతో కలిసిపోయిందంట?" నాయన కత్తెర ఆపకుండా, "కూచోనీలే" అనేవాడు. ఇంట్లో అమ్మకు ఇది నచ్చలేదు. "ఆటకు పోయి తండ్రీకూతుళ్లు మాటలు మానేసినారు. ఏంటికి వచ్చిందమ్మా ఇది మన కొంపకు" అనేది. అవ్వ మాత్రం తేలిగ్గా తీసేసింది. "ఆ పక్కనుంచి చూసినా అదే బంతి గదా. దాన్ని వదిలెయ్యండి."

ఫైనలుకు మిల్లు జట్టు, గేటు జట్టు వచ్చాయి. పెనుకొండ నుంచి వచ్చిన రెఫరీ, జట్టు మొత్తానికి ఒకే రంగు చొక్కాలు, వీపున నంబర్లు ఉంటేనే ఆట మొదలుపెడతానని చెప్పాడు. గేటు వాళ్లు అప్పటిదాకా బనియన్లతో ఆడారు. మూడు రోజుల్లో పదకొండు చొక్కాలు కుట్టాలి. ఊళ్లో జట్టు చొక్కాలు కుట్టడం తెలిసినవాడు ఒక్కడే.

ఆ రోజు బడినుంచి నేరుగా అంగడికి వచ్చేసరికి గోలీ, పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉన్నారు. పెద్దమ్మ చేతిలో నీలం గుడ్డ మూట. తెల్ల ముతక గుడ్డను తనే కడవలో నీలిమందు కలిపి ముంచిందట. ఒకచోట ముదురు, ఒకచోట లేత. ఆమె చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి.

"అన్నా, మీరు ఆ జట్టు మనిషని తెలుసు" అన్నాడు గోలీ. "కాదంటే ఏమీ అనుకోము. హిందూపురం పోయి చూసుకుంటాము."

నాయన గుడ్డను తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూశాడు. టేపు మెడలోంచి తీశాడు.

"చేతులు చాపప్పా. గోలీకి సంకకాడ వదులుండల్ల, లేకుంటే ఎగిరినప్పుడు పిగిల్తాది."

రెండు రోజులు బడి ఎగ్గొట్టి అంగడిలో కూర్చున్నాను. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. నాయన కత్తిరిస్తుంటే నేను నంబర్లు చేత్తో కుట్టాను. మిషను చప్పుడు తప్ప మాట లేదు. రెండో రోజు మధ్యాహ్నం ఆయన నా చేతిలోది లాక్కుని చూసి, "ఏడు వంకర పోయింది. ఇప్పి మళ్లా కుట్టు" అన్నాడు. ఆ లీగు ఆట తర్వాత నాతో ఆయన అన్న మొదటి మాట అదే. నేను విప్పి మళ్లీ కుట్టాను. నాకు ఎంత ఆనందంగా ఉందంటే, అన్నీ వంకరగానే కుట్టాలనిపించింది.

అప్పుడే మిల్లు గుమాస్తా వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి నీలం చొక్కాల కుప్పను చూశాడు.

"మన జట్టు దర్జీవి. వాళ్లకు కుట్తాండావా?"

నాయన నోట్లో ఉన్న గుండుసూదులు తీసి డబ్బాలో వేశాడు. "దర్జీనప్పా. గుడ్డ తెచ్చినోనికి కుట్తా."

"సావుకారికి తెలిస్తే?"

"నువ్వే చెప్పు. ఇంగోటి గూడా చెప్పు. రేపు వీళ్లు ఓడిపోవల్లనే నేను దేవునికి మొక్కుకుంటా. కానీ చొక్కా లేక ఓడిపోగూడదు."

గుమాస్తా వెళ్లిపోయాడు. నాయన మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. ఆయన వీపు చూస్తూ కూర్చున్న నాకు, మొదటి ఆట రోజు ఆయన మీద వచ్చిన కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఫైనలు రోజు ఇంట్లో ఉగ్గాని ఘుమఘుమలాడింది. నేను ముట్టలేదు. మూల గిన్నెలో ముందురోజు మిగిలిన సంగటి ముద్దను ఊరిబిండి పచ్చడితో నంజుకుని, నాయన ఎదురుగా కూర్చుని మరీ తిన్నాను. ఆయన చూసి, బజ్జీ కొరికి, "అట్లనా!" అన్నాడు. అంతే.

ఆట మాత్రం మేము ఓడిపోయాం. రెండుకు ఒకటి. చెమటకు నీలం రంగు కారి మా వాళ్ల మెడలు, చేతులు, ముఖాలు కూడా నీలమయ్యాయి. పడమటి వైపు జనం చూసి నవ్వారు. మొదటి సగంలో మేమే ముందున్నాం. తర్వాత వాళ్లు ఒకటి కొట్టారు. ఇంకా కాసేపు ఆపగలిగితే చాలనుకున్నప్పుడు గోలీ ముందుకు పరిగెత్తుకొచ్చాడు, బంతి అతని తలమీదుగా పోయింది. ఈల ఊదాక అతను కర్రకు ఆనుకుని కూర్చుండిపోయాడు. పెద్దమ్మ గంప వదిలేసి కొడుకు దగ్గరికి వెళ్లింది. నేను మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాను. మిల్లు జట్టు ఓడిపోయినప్పుడు ఎన్నోసార్లు ఏడ్చాను గానీ అది నాయన ఏడుపు చూసి ఏడ్చిన ఏడుపు. ఇది నా సొంతం.

తల ఎత్తేసరికి నాయన నా ముందు నిలబడి ఉన్నాడు. పసుపు జెండాలు పట్టుకుని జనం మిల్లు వైపు ఊరేగింపు పోతున్నారు. ఆయన దాంట్లో లేడు. మైదానం అడ్డంగా నడిచి ఇటు వచ్చాడు. ఓదారుస్తాడనుకున్నాను.

"మీ గోలీ ఆడనే నిలబడల్లసింది" అన్నాడు. "ముందరికి వచ్చి చెడగొట్టుకున్న్యాడు."

మీ గోలీ అన్నాడు. నేను కళ్లు తుడుచుకున్నాను.

"మీవోడు చేత్తో తోసినాడు. రెఫరీ చూల్లేదు."

"యాడ తోసినాడు? భుజం తగిలింది."

"నేను గీత పక్కనే ఉండా. నాకు కనపడింది. నీకు ఆడనుంచి ఏం కనపడతాది?"

ఇంటిదాకా కొట్లాడుకుంటూనే వచ్చాం. ఆయన సైకిలు ఎక్కకుండా తోసుకుంటూ నడిచాడు, మాటలకు వీలుగా. మా వీధి మలుపు దగ్గర ఆగి, నావైపు చూడకుండా అన్నాడు: "ఆ పొద్దు గుమాస్తాకు నేను జవాబు చెప్పల్లసింది. చెప్పలేకపోతి."

ఇంటి గుమ్మం దగ్గర ఆయన చెప్పులు విడుస్తుంటే, "కానీ చేత్తోనే తోసినాడు" అన్నాను. లోపలినుంచి అవ్వ, "అమ్మయ్య, నోర్లు తెరిచినారు" అంది.

మరుసటి ఏడు మిల్లు వాళ్లు పసుపు చొక్కాలు అనంతపురంలో రెడీమేడ్ అంగడిలో తెచ్చుకున్నారు. సావుకారి ఒక్క మాట కూడా కబురు చేయలేదు. ఇక దర్జీ కూడా గేటు వైపు కూర్చుంటాడని ఊరంతా అనుకుంది. పెద్దమ్మ కూడా, "మీ నాయనకు గూడా చోటుండాది, తీసుకోని రా" అంది. ఆయన రాలేదు. టోర్నమెంటు మొదటి రోజు ఎప్పటిలాగే పడమటి వైపు, గీత దగ్గర, ఆయన చోట్లోనే కూర్చున్నాడు. గుమాస్తా పక్కనుంచి పోతుంటే లేవలేదు, జరగలేదు. ఎవరో అడిగితే, "చొక్కాలు వాళ్లిష్టం. జట్టు నాది" అన్నాడట. ఆ మాట విన్నప్పుడు ఆయన మీద నాకు పుట్టిన గౌరవం, ఆయన నాతోపాటు తూర్పుకు వచ్చి ఉంటే పుట్టేది కాదు. ఆయన మారకపోవడమూ సరే, నేను మారడమూ సరే. ఇద్దరం ఎవరి కాళ్లతో వాళ్లం నడిచాం.

తర్వాత అన్నీ ఒక్కొక్కటే పోయాయి. వరుసగా మూడేళ్లు పంట ఎండితే కాలనీలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి, జనం బెంగళూరుకు కట్టడం పనులకు పోయారు. గోలీకి ఎక్కడో దూరం బదిలీ అయితే పెద్దమ్మనూ తీసుకుపోయాడు. గేటు జట్టు లేకుండా పోయింది. మిల్లు యంత్రాలు అమ్మేశారు గానీ జట్టు పేరు ఇంకొన్నేళ్లు నిలిచింది.

అనంతపురంలో టీచరు ట్రైనింగు చదువుతున్నప్పుడు ఒకసారి సెలవులకు వచ్చి, నాయనతో ఆటకు వెళ్లాను. కదిరి నుంచి వచ్చిన ఏదో జట్టుతో మిల్లు జట్టు ఆట. పడమటి వైపు యాభై మంది కూడా లేరు. నేను గోలుపోస్టు వెనకనుంచి చుట్టుతిరిగి తూర్పు వైపుకు పోయి గీత పక్కన కూర్చున్నాను. అటు పొడుగునా నేనొక్కదాన్నే. ఎండ కళ్లలో పడుతోంది.

హాఫ్‌టైములో నాయన మైదానం అడ్డంగా నడిచి వచ్చాడు. అప్పటికి ఆయనకు మోకాళ్ల నొప్పులు. నా పక్కన మెల్లగా కూర్చున్నాడు.

"మీ జట్టే లేదు గదా పాపా. ఇంగ మా పక్కకు రాగూడదా? ఆడ ముందర అంతా ఖాళీగానే ఉండాది."

"రాను నాయనా."

ఆయన కాసేపు మైదానాన్ని ఈ వైపునుంచి చూశాడు. అన్నేళ్లలో ఆయన ఇటునుంచి చూడటం అదే మొదటిసారి అనుకుంటాను. చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు.

"సరే, రావద్దులే" అన్నాడు. "ఈ పక్క గూడా ఒకరు ఉండల్ల."

రెఫరీ ఈల ఊదాడు. నాయన నా భుజం పట్టుకుని లేచి, పంచె దులుపుకుని, ఆట మొదలయ్యేలోపు చేరుకోవాలని తన వైపుకు గబగబా నడిచాడు.